తెర నల్లబడితే ఫార్మాట్ కొట్టకండి
(లినక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్లు: ఒక పాఠం)



మన హాస్టళ్లలో చదివి బయటికి వెళ్లినవాళ్లు, చదువుతున్నవాళ్లు ఇవాళ ఎక్కువగా వాడేది సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్లే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఆ పాత మెషీన్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. అందుకని కొందరు ఉబుంటు లాంటి లినక్స్ వేసుకుంటున్నారు. ఇది మంచి పని. అయితే గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో ఒకరోజు అప్‌డేట్ అయ్యాక తెర నల్లగా మారి, లాగిన్ కూడా కనబడకుండా పోవచ్చు. అప్పుడు పక్కనున్నవాళ్లు చెప్పే మాట ఒక్కటే: "ఫార్మాట్ కొట్టెయ్."

ఫార్మాట్ కొడితే ఏం పోతుందో ముందు ఆలోచించాలి. కుల ధ్రువీకరణ పత్రం స్కాన్, మార్కుల మెమోలు, స్కాలర్‌షిప్ దరఖాస్తు కాపీలు, సగం రాసిన ప్రాజెక్టు రిపోర్టు అన్నీ పోతాయి. కానీ తెర నల్లబడినంత మాత్రాన హార్డ్‌డిస్క్‌లో ఉన్నవి పోయినట్టు కాదు. ఎక్కువసార్లు ఇబ్బందిపడేది డ్రైవర్ అనే చిన్న భాగం ఒక్కటే. దాన్ని ఎలా వేయాలో, చెడితే ఎలా కనిపెట్టాలో చెప్పడమే ఈ పాఠం.

ఒక సూచన. మన సంచిక తెలుగులో అచ్చవుతుంది కాబట్టి కంప్యూటర్ ఆదేశాలను పలికినట్టుగా తెలుగులోనే రాశాను. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి. తికమక పడే చోట అక్షరాలు విడివిడిగా ఇచ్చాను. ఉదాహరణలన్నీ ఉబుంటు 22.04, 24.04 వెర్షన్లకు, ఎన్‌విడియా కార్డులకు సంబంధించినవి.

1. డ్రైవర్ అంటే ఏమిటి?

లినక్స్‌లో అన్ని పనులనూ నడిపించే కేంద్రభాగాన్ని కెర్నెల్ అంటారు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని మొదలుపెట్టాడు. కెర్నెల్ మాట గ్రాఫిక్స్ కార్డుకు నేరుగా అర్థం కాదు. మధ్యలో దుబాసీ కావాలి. ఆ దుబాసీయే డ్రైవర్.

ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ కెర్నెల్‌తోపాటే వస్తుంది. ఏఎమ్‌డీ కార్డులకు 2015లో కెర్నెల్ 4.2తో ఏఎమ్‌డీజీపీయూ అనే ఓపెన్ డ్రైవర్ వచ్చింది. ఈ రెండు రకాల కార్డులున్నవాళ్లు మామూలుగా విడిగా ఏమీ వేయనక్కరలేదు. ఎన్‌విడియా కథ వేరు. ఆ కంపెనీ చాలా ఏళ్లు తన డ్రైవర్ సోర్సు కోడును బయటపెట్టలేదు. దీన్నే ప్రొప్రయిటరీ డ్రైవర్ అంటారు. కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టు వాడుకోవాలి తప్ప లోపల ఏముందో మనం చూడలేం, మార్చలేం.

కంపెనీ ఇవ్వకపోతే ప్రోగ్రామర్లు ఊరుకోలేదు. కార్డు ప్రవర్తనను గమనిస్తూ, తిరగేసి తెలుసుకుంటూ 'నూవో' అనే ఓపెన్ డ్రైవర్ రాశారు. 2010లో అది కెర్నెల్ 2.6.33లో చేరింది. ఉబుంటు వేయగానే ఎన్‌విడియా కార్డు మీద తెర కనబడటానికి సాధారణంగా కారణం ఇదే. కానీ దీనికి పరిమితులున్నాయి. ముఖ్యంగా 900, 1000 సిరీస్ కార్డుల్లో కంపెనీ సంతకం చేసిన ఫర్మ్‌వేర్ లేకుండా వేగం పెంచడం కుదరదు. అందువల్ల ఆ కార్డులు నూవోతో నెమ్మదిగా నడుస్తాయి.

2022 మే నెలలో ఎన్‌విడియా తన డ్రైవర్‌లో కెర్నెల్‌కు సంబంధించిన భాగాన్ని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. అది 2018లో వచ్చిన ట్యూరింగ్ తరానికి, ఆ తర్వాతి కార్డులకే పనికొస్తుంది. పైన ఉండే లైబ్రరీలు ఇప్పటికీ మూసే ఉన్నాయి. మన చేతికొచ్చే పాత కార్డులకు మాత్రం మూసిన డ్రైవరే గతి.

డ్రైవర్లకూ సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛకూ పాత సంబంధమే ఉంది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎమ్‌ఐటీ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ ఒక ప్రింటర్‌ను తమ అవసరానికి తగ్గట్టు మార్చుకోవాలనుకున్నాడు. దాని సాఫ్ట్‌వేర్ కోడు దొరకలేదు. 1983లో ఆయన గ్నూ ఉద్యమం ప్రకటించడానికి దారితీసిన అనుభవాల్లో అదొకటి.

2. అప్‌డేట్ అయితే ఎందుకు చెడుతుంది?

ఈ పాఠంలో గుర్తుంచుకోవాల్సిన ముఖ్యమైన విషయం ఇదే. మన యూనిఫాం సంగతి తీసుకోండి. గుడ్డ ఇస్తారు, టైలర్ కొలతలు తీసుకుని కుడతాడు. ఏడో తరగతి కొలతలతో కుట్టిన చొక్కా తొమ్మిదో తరగతిలో పట్టదు. డ్రైవర్ కూడా అంతే. కెర్నెల్‌లోకి వెళ్లే భాగాన్ని మాడ్యూల్ అంటారు. అది ఒక నిర్దిష్టమైన కెర్నెల్ వెర్షన్ కొలతలకు తయారవుతుంది. అప్‌డేట్‌లో కొత్త కెర్నెల్ వస్తే దానికి మళ్లీ కుట్టాలి.

ఇందుకు రెండు పద్ధతులున్నాయి. మొదటిది రెడీమేడ్: ఉబుంటువాళ్లే తమ కెర్నెల్‌కు సరిపోయేట్టు తయారుచేసి, సంతకం పెట్టి పంపే మాడ్యూళ్లు. రెండోది మన మెషీన్‌లోనే కుట్టే టైలర్. దాని పేరు డీకేఎమ్‌ఎస్. కొత్త కెర్నెల్ రాగానే ఇది తనంతట తాను మాడ్యూల్‌ను తయారుచేస్తుంది. కానీ టైలర్‌కు కొలతలు కావాలి కదా! ఆ కొలతలే 'కెర్నెల్ హెడర్స్'. అవి లేకపోయినా, డిస్కులో చోటు లేకపోయినా, ఆ పాత డ్రైవర్ కొత్త కెర్నెల్‌కు పనికిరాకపోయినా కుట్టు పూర్తికాదు. రీస్టార్ట్ చేయగానే తెర నల్లబడుతుంది.

3. వేయడానికి ముందు

(అ) అసలు అవసరమా? టైపింగు, బ్రౌజింగు, వీడియో పాఠాలు చూడటం వరకే అయితే, నూవోతో తెర సవ్యంగా ఉంటే కొత్త డ్రైవర్ జోలికి పోవద్దు. బ్లెండర్, ఆటలు, కార్డు మీద నడిచే కూడా ప్రోగ్రాములు కావాలంటేనే ప్రొప్రయిటరీ డ్రైవర్ వేయండి.

(ఆ) ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఇది వాయిదా వేసే పని కాదు.

(ఇ) కార్డు ఏదో తెలుసుకోండి. టెర్మినల్‌లో 'ఎల్‌ఎస్‌పీసీఐ -కె' (ఎల్, ఎస్, పి, సి, ఐ; ఖాళీ; మైనస్, కె) అని కొట్టండి. వచ్చిన వరుసల్లో 'వీజీఏ' అని ఉన్నచోట కార్డు పేరు, దాని కింద 'కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్' అని ప్రస్తుతం నడుస్తున్న డ్రైవర్ పేరు ఉంటాయి. కొన్ని ల్యాప్‌టాప్ కార్డులకు 'వీజీఏ' బదులు '3డీ కంట్రోలర్' అని ఉండవచ్చు.

కార్డు డబ్బా మీది పేరును పూర్తిగా నమ్మకండి. ఉదాహరణకు జీటీ 730 అనే ఒకే పేరుతో రెండు తరాల చిప్పులు వచ్చాయి. చిప్పు గుర్తులోని మొదటి రెండు అక్షరాలు చూడాలి.

జి, ఎఫ్ అంటే ఫెర్మీ (2010 తరం). దీనికి చివరి డ్రైవర్ సిరీస్ 390.
జి, కె అంటే కెప్లర్ (2012 తరం, జీటీ 710 ఇందులోదే). చివరి సిరీస్ 470.
జి, ఎమ్ అంటే మాక్స్‌వెల్ (2014 తరం). జి, పి అంటే పాస్కల్ (2016 తరం, జీటీ 1030, జీటీఎక్స్ 1050). ఈ రెండింటికీ చివరి సిరీస్ 580.
టి, యు అంటే ట్యూరింగ్ (2018 తరం). దీనికీ, తర్వాతివాటికీ ఇంకా కొత్త డ్రైవర్లు వస్తున్నాయి.

కొత్త నంబరు డ్రైవర్ మంచిదనుకుని పాత కార్డుకు వేస్తే అది కార్డును గుర్తించనే గుర్తించదు. ఫెర్మీ కార్డు అయితే నూవోతోనే సరిపెట్టుకోవడం మేలు.

4. వేసే పద్ధతి

మొదట 'సుడో ఆప్ట్ అప్‌డేట్' (ఎస్, యు, డి, ఓ, ఎ, పి, టి) కొట్టి ప్యాకేజీల జాబితాను తాజా చేయండి. తర్వాత 'ఉబుంటు-డ్రైవర్స్ డివైసెస్' అని కొట్టండి. మీ కార్డుకు సరిపోయే డ్రైవర్ల జాబితా వస్తుంది. ఒకదాని పక్కన 'రికమెండెడ్' అని ఉంటుంది. 'సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్' అంటే అదే పడుతుంది. టెర్మినల్ అలవాటు లేనివాళ్లు 'అడిషనల్ డ్రైవర్స్' అనే కిటికీ తెరిచి అక్కడ ఎంచుకోవచ్చు. పని పూర్తయ్యాక రీస్టార్ట్ చేయాలి.

తర్వాత 'ఎన్‌విడియా-ఎస్‌ఎమ్‌ఐ' అని కొట్టండి. కార్డు పేరు, డ్రైవర్ నంబరు, ఉష్ణోగ్రతతో ఒక పట్టిక వస్తే డ్రైవర్ సరిగ్గా పడినట్టే.

కంపెనీ సైటు నుంచి 'రన్' అనే ఫైలు దించి నేరుగా నడపడం చాలామంది చేస్తుంటారు. మనకు అది వద్దు. ఆప్ట్‌కు తెలియకుండా పడినదాన్ని ఆప్ట్ సరిచేయలేదు. తర్వాత ఉబుంటు డ్రైవర్ కూడా వేస్తే రెండింటి ఫైళ్లూ కలిసిపోయి చిక్కుముడి పడుతుంది. ఇదివరకే ఎవరైనా అలా వేసి ఉంటే ముందు 'సుడో ఎన్‌విడియా-అన్‌ఇన్‌స్టాల్' నడిపి తీసేసి, ఆ తర్వాతే ఉబుంటు డ్రైవర్ వేయండి.

నీలిరంగు తెర విషయం: సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న మెషీన్‌లో సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నెల్ లోపలికి రానివ్వదు. డీకేఎమ్‌ఎస్ కుట్టిన మాడ్యూల్‌కు మన మెషీన్ తాళంచెవితో సంతకం పడుతుంది. ఆ తాళంచెవిని మనం ఆమోదించాలి. అందుకే ఇన్‌స్టాల్ సమయంలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అవగానే 'మోక్ మేనేజ్‌మెంట్' అని నీలిరంగు తెర కొద్ది సెకన్లపాటు వస్తుంది. వెంటనే ఏదో ఒక మీట నొక్కి 'ఎన్‌రోల్ మోక్', 'కంటిన్యూ', 'యెస్' ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. చాలామంది అదేదో ఎర్రర్ అనుకుని వదిలేస్తారు. డ్రైవర్ వేసినా పనిచేయకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

5. తెర నల్లబడితే: లోపలికి వెళ్లే దారి

ముందుగా చూడాల్సింది కేబుల్. మానిటర్ వైరు గ్రాఫిక్స్ కార్డుకు ఉందా, మదర్‌బోర్డుకు ఉందా? విడి కార్డు ఉన్న మెషీన్‌లో మదర్‌బోర్డు సాకెట్‌కు పెడితే డ్రైవర్ బాగున్నా తెర రాకపోవచ్చు. ఆన్ చేయగానే కంపెనీ గుర్తు కూడా కనబడకపోతే ఆ తప్పు డ్రైవర్‌ది కాదు, లినక్స్‌ది కాదు. కేబుల్, కార్డు, మెమరీ చూడాలి.

కంపెనీ గుర్తు వచ్చి, ఆ తర్వాత నల్లబడితే ఈ వరుసలో వెళ్లండి.

మొదటి దారి: కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కండి. అక్షరాల తెర వచ్చి లాగిన్ అడిగితే యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లవచ్చు. బొమ్మల తెర మాత్రమే పడిపోయిందని, లినక్స్ నడుస్తూనే ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండో దారి: అది రాకపోతే రీస్టార్ట్ చేసి, కంపెనీ గుర్తు పోగానే ఎస్కేప్ మీట (పాత బయోస్ మెషీన్లలో షిఫ్ట్) నొక్కితే 'గ్రబ్' మెనూ వస్తుంది. అందులో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' ఎంచుకుంటే పాత కెర్నెల్ కూడా కనబడుతుంది. నిన్నటిదాకా నడిచిన ఆ కెర్నెల్‌తో బూట్ చేయండి. దానికి కుట్టిన మాడ్యూల్ అలాగే ఉంటుంది కాబట్టి చాలాసార్లు తెర తిరిగి వస్తుంది.

మూడో దారి: గ్రబ్ మెనూలో 'ఇ' మీట నొక్కితే కొన్ని వరుసలు వస్తాయి. 'లినక్స్' అనే మాటతో మొదలయ్యే వరుస చివర ఖాళీ వదిలి 'నోమోడ్‌సెట్' (ఎన్, ఓ, ఎమ్, ఓ, డి, ఇ, ఎస్, ఇ, టి) అని చేర్చి ఎఫ్10 నొక్కండి. తెర పెద్ద పెద్ద అక్షరాలతో, నెమ్మదిగానైనా వస్తుంది. ఈ మార్పు ఆ ఒక్కసారికే. తర్వాతి బూట్‌కు ఉండదు కాబట్టి భయపడనక్కరలేదు.

ఏదీ కుదరకపోతే ఉబుంటు ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, 'ట్రై ఉబుంటు' ఎంచుకుని, హార్డ్‌డిస్క్‌లోని 'హోమ్' ఫోల్డర్‌ను మరో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. డిస్కుకు ఎన్‌క్రిప్షన్ పెట్టి ఉంటే దాని పాస్‌వర్డ్ కావాలి. ఫైళ్లు చేతికొచ్చాక ఇక తొందరేమీ లేదు.

6. లోపలికి వెళ్లాక అడగాల్సిన అయిదు ప్రశ్నలు

డాక్టరు నాడి చూడకుండా మందు రాయడు. మనమూ ఏదీ తీసేయకముందు ఈ ప్రశ్నలు వరుసగా అడగాలి.

ఒకటి, డిస్కులో చోటుందా? 'డీఎఫ్ -హెచ్' కొట్టండి. ప్రధాన విభాగంగానీ 'బూట్' విభాగంగానీ నూరు శాతం నిండితే మాడ్యూల్ తయారుకాదు, ఒక్కోసారి లాగిన్ కూడా కాదు. 'సుడో ఆప్ట్ ఆటోరిమూవ్' పాత కెర్నెళ్లను తీసేసి చోటు చేస్తుంది.

రెండు, కార్డు కనబడుతోందా? ఇందాకటి 'ఎల్‌ఎస్‌పీసీఐ' జాబితాలో కార్డు పేరే లేకపోతే మెషీన్ ఆపి, ప్లగ్గు తీసి, కార్డును దుమ్ము దులిపి గట్టిగా కూర్చోబెట్టాలి.

మూడు, ఈ కెర్నెల్‌కు మాడ్యూల్ ఉందా? 'యూనేమ్ -ఆర్' ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ నంబరు చెబుతుంది. 'డీకేఎమ్‌ఎస్ స్టేటస్' ఏయే కెర్నెళ్లకు మాడ్యూల్ కుట్టిందో చెబుతుంది. రెండోదానిలో మొదటి నంబరు లేకపోతే హెడర్స్ లేవేమో చూడండి. 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లినక్స్-హెడర్స్-జెనెరిక్' వేసి, 'సుడో డీకేఎమ్‌ఎస్ ఆటోఇన్‌స్టాల్' నడిపించండి. రెడీమేడ్ మాడ్యూల్ వాడేవాళ్లకు డీకేఎమ్‌ఎస్ జాబితా ఖాళీగా ఉండవచ్చు. అది తప్పు కాదు, నాలుగో ప్రశ్నకు వెళ్లండి.

నాలుగు, మాడ్యూల్ లోపలికి వెళ్తోందా? 'సుడో మోడ్‌ప్రోబ్ ఎన్‌విడియా' కొట్టండి. ఏ మాటా రాకపోతే వెళ్లినట్టే. 'నాట్ ఫౌండ్' అంటే ఆ కెర్నెల్‌కు మాడ్యూల్ లేదు. 'కీ వాజ్ రిజెక్టెడ్' అంటే సెక్యూర్ బూట్ అడ్డుపడింది, నీలితెర పని మిగిలిపోయిందన్నమాట. 'నో సచ్ డివైస్' అంటే చాలాసార్లు డ్రైవర్ సిరీస్ ఆ కార్డుది కాదు. అప్పుడు 'సుడో డీమెసేజ్' (డి, ఎమ్, ఇ, ఎస్, జి) చూడండి. ఈ కార్డుకు 470 లెగసీ డ్రైవర్ కావాలి అనే అర్థం వచ్చే వాక్యం అందులో నంబరుతో సహా ఉండవచ్చు.

అయిదు, రెండు భాగాలూ ఒకే వెర్షనా? 'ఎన్‌విడియా-ఎస్‌ఎమ్‌ఐ' కొడితే 'డ్రైవర్/లైబ్రరీ వెర్షన్ మిస్‌మ్యాచ్' అని వచ్చిందనుకోండి. అప్‌డేట్‌లో పైనున్న లైబ్రరీ మారింది, మెమరీలో పాత మాడ్యూలే ఉంది అని అర్థం. సాధారణంగా రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. దీనికే కంగారుపడి అంతా ఊడబెరికేవాళ్లున్నారు.

డ్రైవర్ సవ్యంగా ఉండి, పాస్‌వర్డ్ కొట్టాక మాత్రమే తెర బిగుసుకుపోతుంటే, లాగిన్ తెర మూలనున్న పళ్లచక్రం గుర్తు నొక్కి 'ఉబుంటు ఆన్ ఎక్సార్గ్' ఎంచుకుని చూడండి. పాత కార్డులకు ఇది తరచు కలిసొస్తుంది.

7. తీసేసి మళ్లీ వేయడం

అయిదు ప్రశ్నలూ అయ్యాకే ఈ మార్గం. 'సుడో ఆప్ట్ పర్జ్' ఆదేశంతో ఎన్‌విడియా పేరున్న ప్యాకేజీలను తీసేయవచ్చు. 'వై' నొక్కేముందు తీసేయబోయే జాబితా మొత్తం చదవండి. అందులో 'ఉబుంటు-డెస్క్‌టాప్' లాంటి పేరు కనబడితే 'ఎన్' నొక్కి ఆపేయండి. తీసేసి రీస్టార్ట్ చేస్తే నూవో తిరిగి బాధ్యత తీసుకుంటుంది. తెర వచ్చాక నాలుగో భాగంలోని పద్ధతిలో మళ్లీ వేయండి.

470 సిరీస్ కావాల్సిన కెప్లర్ కార్డులవాళ్లకు ఒక మాట. పాత డ్రైవర్‌కు కొత్త కెర్నెల్ ఎక్కువ దూరం కలిసిరాదు. ఉబుంటు 22.04ను దాని మొదటి 5.15 కెర్నెల్‌తోనే ఉంచుకుంటే గొడవలు తక్కువ. ఆ వెర్షన్ మామూలు మద్దతు 2027 వరకు ఉంటుంది.

8. మీకు మీరే పరీక్ష

ప్రశ్న 1: అప్‌డేట్ తర్వాత తెర నల్లబడింది. పాత కెర్నెల్‌తో బాగానే వస్తోంది. కారణం ఏమై ఉంటుంది?
జవాబు: కొత్త కెర్నెల్‌కు మాడ్యూల్ తయారుకాలేదు. చోటు, హెడర్స్ చూడాలి.

ప్రశ్న 2: డ్రైవర్ వేశాక 'కీ వాజ్ రిజెక్టెడ్' అంటోంది. మళ్లీ డ్రైవర్ వేయాలా?
జవాబు: అక్కరలేదు. మోక్ తాళంచెవిని ఆమోదించాలి.

ప్రశ్న 3: జీటీ 710 కార్డుకు 580 డ్రైవర్ వేస్తే?
జవాబు: పనిచేయదు. అది కెప్లర్ కార్డు, 470 కావాలి.

చివరగా, ప్రతి కంప్యూటర్ పక్కన ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. కార్డు చిప్పు గుర్తు, డ్రైవర్ నంబరు, బాగా నడిచిన కెర్నెల్ నంబరు మొదటి పేజీలో రాయండి. ఏదైనా చెడినప్పుడు తేదీ వేసి, తెర మీద వచ్చిన వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎక్కించండి. ఏం చేస్తే బాగయిందో దాని కింద రాయండి. ఎర్రర్ వాక్యం ఇంగ్లీషులో ఉందని దాటేయకండి. రోగమేమిటో కంప్యూటర్ తానే చెబుతున్న మాట అది. మీరు రాసిన ఆ పేజీ వచ్చే ఏడు చేరబోయే తమ్ముడికి పాఠం అవుతుంది, వాడి సర్టిఫికెట్లూ భద్రంగా ఉంటాయి.